రక్తం, మూత్రం, సుబ్బారావు గారి నీలిరంగు



యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు వక్తలు మామూలుగా టెట్రాసైక్లిన్ దగ్గరో, క్యాన్సర్ మందు దగ్గరో మొదలుపెడతారు. నేను మూత్రం సీసా దగ్గర మొదలుపెడతాను. సభామర్యాదకు కాస్త ఇబ్బందే. కానీ ఆయన అమెరికా జీవితం మొదలైంది కూడా ఇంచుమించు అక్కడే. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మన రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో, అనపర్తి మామగారు సర్దిన డబ్బుతో 1920ల మొదట్లో బోస్టన్ చేరారాయన. పగలు హార్వర్డ్‌లో చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే కొలువు. ఆ తర్వాత కొద్ది కాలానికే అదే మూత్రంలో, అదే రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతికి ఆయన పేరు పెట్టారు.

ఈ సాయంత్రం నాకు ఇచ్చిన విషయం, ఆరోగ్య తనిఖీల్లో చేసే మామూలు రక్త, మూత్ర పరీక్షలు. ఏ అంకె దాటితే ఏ జబ్బు అని పట్టిక చదివితే అరగంటలో అయిపోతుంది. ఆ పట్టిక ఇప్పుడు ప్రతి రిపోర్టు కాగితం మీదా కుడిపక్కన అచ్చువేసే ఉంటుంది. ఆ కుడిపక్క గడికి మీరెవరో తెలియదు, మీ వయసు చాలాసార్లు తెలియదు, రక్తం ఏ వేళ తీశారో అసలే తెలియదు. తెలియకుండానే మీ అంకెను మంచిదనో చెడ్డదనో తేలుస్తుంది. దానితోనే నా పేచీ.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. సుబ్బారావు గారు చేరిన హార్వర్డ్ జీవరసాయన విభాగానికి అప్పుడు ఓటో ఫోలిన్ అధిపతి. ఆయనా, చైనా నుంచి వచ్చిన శిష్యుడు హ్సియెన్ వూ కలిసి 1919లో ఒక పద్ధతి ప్రకటించారు. కొద్దిపాటి రక్తం తీసి, అందులోని ప్రోటీన్లను టంగ్‌స్టిక్ ఆమ్లంతో విరగ్గొట్టి వడకట్టి, మిగిలిన తేటలోంచి యూరియా, క్రియాటినిన్, షుగరు అన్నీ విడివిడిగా కొలవచ్చని చూపించారు. ఈవేళ మన రాజమండ్రి దానవాయిపేటలో ఏ ల్యాబ్‌కు వెళ్ళినా చేయించుకునే 'బ్లడ్ కెమిస్ట్రీ'కి వంశవృక్షం గీస్తే అది ఆ గదులకే వెళ్తుంది.

ఆ గదుల్లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర సుబ్బారావు గారికి అప్పగించిన పని, భాస్వరం కొలవడం. అప్పటికున్న పద్ధతులు నిదానమైనవి, నమ్మకం చాలనివి. 1925లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించిన పద్ధతి చెప్పడానికి తేలిక. ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ ద్రావణం భాస్వరాన్ని పట్టుకుంటుంది. దానికి మరొక రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువైతే నీలం చిక్కన, తక్కువైతే పలచన. పక్కనే, ఎంత భాస్వరం ఉందో ముందే తెలిసిన ద్రావణం పెట్టుకుని, రెండు నీలాలనూ కంటితో పోల్చి లెక్క కట్టాలి. ఇప్పుడు ఆ పోల్చే పని యంత్రం చేస్తుంది. కాంతి ఎంత ఆగిందో చూసి అంకె ముద్రిస్తుంది. మీ రిపోర్టులో షుగరు అయినా, కొలెస్టరాల్ అయినా, క్రియాటినిన్ అయినా చాలావరకు ఇలా ఒక రంగు చిక్కదనమే. అంటే అది పోలిక మీద నిలబడ్డ లెక్క. ఆ రంగును మరో పదార్థం పెంచవచ్చు, తగ్గించవచ్చు. క్రియాటినిన్‌కు చాలా ల్యాబ్‌లు ఇప్పటికీ వాడే పద్ధతి 1886లో యాఫే కనిపెట్టినది. పిక్రిక్ ఆమ్లంతో నారింజ రంగు తెప్పిస్తారు. రక్తంలో కీటోన్లు పేరుకున్న షుగరు రోగిలో అదే రంగు వాటివల్ల కూడా వస్తుంది. కామెర్లున్నవారిలో రంగు తగ్గుతుంది. టెక్నీషియన్ తప్పేమీ లేకుండానే అంకె తప్పవుతుంది.

ఫిస్కే, సుబ్బారావుల కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. కండరం నుంచి తీసిన రసంలో భాస్వరం కొలుస్తుంటే నీలిరంగు ఒక్కసారిగా రాలేదు. మెల్లమెల్లగా, నిమిషాల తరబడి చిక్కబడుతూ పోయింది. మామూలుగా అయితే రసాయనం పాడైందని పారబోసి మళ్ళీ చేస్తారు. వీళ్ళు ఆలస్యం ఎందుకైందని అడిగారు. అడిగితే, భాస్వరం విడిగా లేదని, క్రియాటిన్ అనే పదార్థంతో ముడిపడి ఉందని, పరీక్షలోని ఆమ్లం తగిలి ఆ ముడి కొద్దికొద్దిగా విడిపోతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరం వెంటనే ఖర్చుపెట్టుకోవడానికి దాచుకున్న శక్తి అది. రెండేళ్ళకు ఏటీపీ అనే మరో శక్తి అణువు కూడా అదే దారిలో బయటపడింది. వేళ తప్పి వచ్చిన రంగును తప్పుగా కొట్టిపారేయకుండా, దాన్ని ప్రశ్నగా చూడటం వల్ల శరీరశాస్త్రంలో ఒక అధ్యాయమే మారిపోయింది.

మీకూ నాకూ ఇందులో ఏం పని అంటారా? కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజుకు నూటికి రెండు వంతుల లోపు దానంతటదే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. మూత్రపిండాలు దాన్ని వడకట్టి పంపేస్తాయి. కిడ్నీ మందగిస్తే రక్తంలో అది పెరుగుతుంది. కనుక క్రియాటినిన్ అంకెలో ఇద్దరు దాగి ఉన్నారు. ఉత్పత్తి చేసే కండ ఒకటి, ఖాళీ చేసే కిడ్నీ ఒకటి. రిపోర్టు చూసి మనం కిడ్నీ గురించే మాట్లాడుకుంటాం. కండ గురించి అడగం.

అంబాజీపేట వైపు కొబ్బరి దింపు తీసే పాతికేళ్ళ కుర్రాడు ఒకడనుకోండి. అదే వీధిలో డెబ్బై ఏళ్ళ మామ్మగారు. ఇద్దరికీ క్రియాటినిన్ 1.1 వచ్చింది. కుడిపక్క గడిలో 0.6 నుంచి 1.2 వరకు మామూలు అని ఉంది. ఇద్దరినీ ఇంటికి పంపేస్తారు. ఇప్పుడు వయసూ, ఆడామగా లెక్కలోకి తీసుకునే సూత్రంలో అదే 1.1 వేసి చూడండి. నిమిషానికి కిడ్నీలు వడకట్టే శక్తి కుర్రాడికి 95 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. మామ్మగారికి 54. అరవై లోపు మూడు నెలలకు పైగా నిలిస్తే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. మామ్మగారికి కండ తక్కువ, అందుకని ఆమె పుట్టించే క్రియాటినిన్ తక్కువ. ఆ కాస్తను కూడా కిడ్నీలు ఖాళీ చేయలేకపోతున్నాయన్నమాట. ఆవిడ మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి మింగుతున్న బిళ్ళలు ఎవరికీ గుర్తు రావు. అంకె మామూలుగా ఉందిగా! దీనికి విరుగుడు ఖరీదైన కొత్త పరీక్ష కాదు. క్రియాటినిన్ పక్కనే ఈజీఎఫ్ఆర్ అని ఆ లెక్క వేసి ఇమ్మని ల్యాబ్‌ను అడగడం. వయసూ, ఆడో మగో చెబితే కంప్యూటర్ క్షణంలో వేస్తుంది.

ఇదే అంకెను రెండోవైపు నుంచి చూడటానికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం దాకా వెళ్ళాలి. జీడితోటల, కొబ్బరితోటల సీమలో దశాబ్దాలుగా వస్తున్న ఆ కిడ్నీ జబ్బుకు కారణం ఏమిటో ఇప్పటికీ తేలలేదు. అక్కడి రోగుల్లో షుగరు ఉండకపోవచ్చు, బీపీ ఉండకపోవచ్చు. అన్నిటికంటే మోసకరమైన సంగతి, చాలామందికి మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోదు. జబ్బు కిడ్నీలోని జల్లెడను కాకుండా దాని వెనకున్న సన్నని నాళాలను తింటుంది. మూత్రంలో పట్టీ ముంచి 'ఆల్బుమిన్ నిల్' అని రాసి పంపేస్తే ఉద్దానం రోగి దొరకడు. క్రియాటినిన్ చూడాల్సిందే. మన డెల్టాలో కథ తారుమారు. ఇక్కడ కిడ్నీని ఎక్కువగా తినేది షుగరూ, బీపీ. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బు చాలామందిలో ముందు మూత్రంలోనే కనబడుతుంది. క్రియాటినిన్ కదలక ముందే, ఏళ్ళ ముందే, ఆల్బుమిన్ సన్నగా కారడం మొదలవుతుంది. అంత సన్నని కారుడు మామూలు పట్టీకి అందదు. మూత్రంలో ఆల్బుమిన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి కట్టే పరీక్ష కావాలి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల ఆల్బుమిన్ దాటితే జాగ్రత్తపడాలి. జ్వరంలోనో, చెమటోడ్చి పని చేసిన రోజునో చేస్తే ఊరికే పెరుగుతుంది, కనుక మరోసారి చూసి నిర్ధారించుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికోసారి చేయించుకోవలసిన పరీక్ష ఇది. మాస్టర్ చెకప్‌ల జాబితాల్లో విటమిన్లు ఉంటాయి, క్యాన్సర్ మార్కర్లు ఉంటాయి. ఇది చాలాసార్లు ఉండదు.

మూత్రం అంటే మనకు చిన్నచూపు. రక్తం ఇవ్వడానికి పరగడుపున వచ్చి కూచునేవాళ్ళు మూత్రం దగ్గరకొచ్చేసరికి ఏదో ఒక సీసాలో తెచ్చి బల్లమీద పెట్టేస్తారు. టానిక్ సీసా కడిగి తెచ్చిన మూత్రంలో షుగరు కనబడితే ఆ షుగరు ఎవరిదో దేవుడికే తెలియాలి. ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టి, రెండు గంటల లోపు అందించాలి. ఆలస్యమైతే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి, కణాలు కరిగిపోతాయి. ఆడవాళ్ళ రిపోర్టుల్లో చీము కణాలు కొన్ని కనబడగానే యాంటీబయాటిక్ రాసే అలవాటు మన దగ్గర ఎక్కువ. మంట లేదు, జ్వరం లేదు, గర్భం లేదు అంటే చాలాసార్లు ఆ కణాలు పట్టిన తీరులో వచ్చినవే.

పాత తరం వారికి బెనెడిక్ట్ ద్రావణం గుర్తుండే ఉంటుంది. నీలి ద్రావణం అయిదు మిల్లీలీటర్లు, మూత్రం ఎనిమిది చుక్కలు, స్పిరిట్ దీపం మీద మరిగిస్తే ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు. ఇళ్ళలో షుగరు రోగులు సొంతంగా చేసుకునేవారు. అందులో ఉన్న మోసం ఏమిటంటే, రక్తంలో షుగరు సుమారు 180 దాటితేగానీ మూత్రంలోకి పొంగదు. 150 దగ్గర ఏళ్ళు గడిపినవాడికి ద్రావణం నీలంగానే ఉండేది, 'నాకు షుగరు లేదండీ' అని తిరిగేవాడు. ఇప్పుడు దీనికి ఉల్టా చిక్కు వచ్చింది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త మందులు షుగరును కావాలనే మూత్రంలోకి వదిలేస్తాయి. ఆ మందు వేసుకునే వారి మూత్రంలో షుగరు మూడు ప్లస్‌లు కనబడితే మందు పనిచేస్తోందని అర్థం. అది తెలియక బెంబేలెత్తి మందు మానేస్తున్న వాళ్ళున్నారు.

రక్తంలో షుగరు సంగతికొస్తే, హద్దులు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. పరగడుపున 126, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5. ఏ లక్షణాలూ లేని మనిషికి ఒక్కసారి దాటితే చాలదు, మరోసారి చూసి తేల్చాలి. నాకు ఇంతకంటే ఆసక్తి కలిగించేది గొట్టం మూత రంగు. శరీరం నుంచి తీసిన రక్తం చచ్చిపోదు. గొట్టంలో ఉన్న కణాలు షుగరును తింటూనే ఉంటాయి, మామూలు వేడిలో గంటకు నూటికి అయిదు నుంచి ఏడు వంతుల దాకా. అందుకే షుగరు రక్తాన్ని ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టంలో తీస్తారు. ఇప్పుడు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్ళే రోజులు. లంక గ్రామంలో ఉదయం ఏడింటికి తీసి, పడవ దాటించి, మే నెల ఎండలో మోటారుసైకిల్ పెట్టెలో ఊరూరా తిప్పి మధ్యాహ్నానికి ల్యాబ్ చేర్చారనుకోండి. తప్పుడు గొట్టంలో ఉంటే 140 ఉన్న షుగరు మామూలు అంకెగా దిగిపోతుంది. అదే ప్రయాణంలో, కణాలు చితికి, లోపలి పొటాషియం బయటికొచ్చి గుండె ఆగిపోయేంత అంకె కనబడుతుంది. ఇంట్లో పెద్దాయన నిక్షేపంగా పేపరు చదువుకుంటూ ఉంటారు, రిపోర్టు మాత్రం ఐసీయూలో పడేయమంటుంది.

హెచ్‌బీఏ1సీకి ఆ బెడద తక్కువ. కానీ అది ఎర్రకణాల ఆయుష్షు మీద, సుమారు నూట ఇరవై రోజుల మీద, ఆధారపడిన లెక్క. ఇనుము లోపించిన రక్తహీనతలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. కణాలు త్వరగా చితికే జబ్బుల్లో, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారిలో తక్కువ చూపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 59 మంది దాకా రక్తహీనులని తేలింది. మరోపక్క రంపచోడవరం, చింతూరు ఏజెన్సీలో ఎర్రకణాలు త్వరగా చితికే సికిల్ సెల్ జబ్బు ఉంది. ఆ ఊళ్ళలో హిమోగ్లోబిన్ ఎలా ఉందో చూడకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కటి పట్టుకుని షుగరు ఉందో లేదో తేల్చడం గోదారిలో లోతు చూడకుండా దిగడమే.

హిమోగ్లోబిన్ కూడా సగం జవాబే. తొమ్మిది ఉందని చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. అది పక్క వరసలో ఉంటుంది. ఎంసీవీ, అంటే ఎర్రకణం సైజు. చిన్నగా ఉంటే ముందు ఇనుము లోపం అనుకోవాలి, పెద్దగా ఉంటే ఫోలిక్ ఆమ్లమో, బీ12ఓ లోపమనుకోవాలి. ఇక్కడ మళ్ళీ సుబ్బారావు గారే ఎదురొస్తారు. ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయారు. ఆయనా ఆ జబ్బుతోనే చావు దాకా వెళ్ళి ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఆ జబ్బులో ఒంటికి పట్టకుండా పోయేవాటిలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. 1945లో లెడర్లీ మందుల సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందమే దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ అణువునే కాస్త మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈవేళ మన ఊళ్ళో కీళ్ళవాతం ఉన్న ఆడవాళ్ళ చేతిసంచుల్లో ఉంది. వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందు. రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. ఆ మందు వాడేవారికి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, లివరు, క్రియాటినిన్ తరచు చూడటం వైద్యంలో భాగం. దాన్ని డాక్టరు డబ్బు కోసం రాసే పరీక్ష అనుకుని ఎగ్గొట్టకండి.

ఇక మన సొంత జబ్బు. కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట కట్టాక కాలవలు వచ్చాయి, వరి వచ్చింది, ఊళ్ళు పెరిగాయి. ఊళ్ళతోపాటు మురుగూ, ఆ మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమా పెరిగాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. కాకినాడ పేరు చెబితే బయటివాళ్ళకు కాజా తర్వాత గుర్తొచ్చేది అదే. ఆ జబ్బు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలను 1866లో వూషెరర్ అనే వైద్యుడు బ్రెజిల్‌లో మొదట మూత్రంలో చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ రక్తంలో చూశాడు. మూత్రంలో ఎందుకు? పురుగు శోషరస నాళాలను మూసేస్తే, పేగు నుంచి కొవ్వు మోసుకెళ్ళే రసం దారి తప్పి మూత్రంలో పడుతుంది. మూత్రం పాలలా తెల్లగా వస్తుంది. అందులో కాస్త ఈథర్ పోసి కుదిపితే కొవ్వు కరిగి తేటపడుతుంది. గోదావరి డాక్టర్లకు ఈ పరీక్ష కొత్తకాదు. మిగతా చోట్ల పాల మూత్రం చూస్తే చీము అనుకుని యాంటీబయాటిక్ ఇస్తారు.

రక్తంలో మరీ విచిత్రం. ఆ పిల్లపురుగులు పగలంతా ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి పది దాటాక, దోమ కుట్టే వేళకు, చర్మం కింది రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య తలుపు తట్టి వేలి నుంచి రక్తం తీస్తారు. మధ్యాహ్నం పన్నెండుకు తీసిన స్లయిడు మీద 'నెగెటివ్' అని రాస్తే అది ఫైలేరియా లేదని చెప్పినట్టు కాదు, వేళకాని వేళలో వెతికామని చెప్పినట్టు. మొదట్లో నేను అన్న 'రక్తం ఏ వేళ తీశారు' అనే ప్రశ్నకు దీనికంటే గొప్ప ఉదాహరణ ప్రపంచ వైద్యంలో లేదేమో. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) శాఖ ఒకటి ఫైలేరియా పరిశోధనకూ శిక్షణకూ మన రాజమండ్రిలోనే ఉండటం కాకతాళీయం కాదు. ఇప్పుడు ఏ వేళైనా చేసుకోగల యాంటిజెన్ కార్డులు వచ్చాయి. అంతకుముందు పగలే పురుగును బయటికి రప్పించడానికి ఒక ఉపాయం ఉండేది. హెట్రజాన్ బిళ్ళ ఒకటి మింగిస్తే పిల్లపురుగులు కంగారుపడి పగటిపూటే రక్తంలోకి వచ్చేవి. ఆ హెట్రజాన్, అంటే డీఈసీ, 1947లో సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చింది. మన ఊళ్ళకు ఏటా ఇంటింటికీ తెచ్చి మింగించిన బిళ్ళ అదే. ఆయన అమెరికా వెళ్ళాక మళ్ళీ ఇటు రాలేదు, 1948 ఆగస్టులో అక్కడే పోయారు. ఆయన మందు మాత్రం ఆయన పుట్టిన ఊరికి వచ్చింది.

మన ఇళ్ళలో 'ఇస్నోఫీలియా' అనే మాట కూడా ఈ దోమతోనే వచ్చింది. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు, తెల్లకణాల్లో ఈసినోఫిల్స్ వేలల్లో. మదనపల్లె ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే వైద్యులు 1940లో క్షయలా కనిపించి క్షయ కాని ఇలాంటి రోగుల గురించి రాశారు. తర్వాత దాని మూలం ఫైలేరియా అని తేలింది. మూడు వేలు దాటిన ఈసినోఫిల్స్, రాత్రి దగ్గు కలిస్తే ఆ అనుమానం న్యాయమే. కానీ అయిదారు వందలు కనబడగానే 'ఇస్నోఫీలియా' అని ముద్ర వేయడం వేరు. అది నులిపురుగులు కావచ్చు, ఎలర్జీ కావచ్చు, ఏమీ కాకపోవచ్చు.

ఈ 'ఏమీ కాకపోవచ్చు' గురించి చిన్న లెక్క చెప్పాలి. కుడిపక్క గడిలో మామూలు హద్దులు ఎలా నిర్ణయిస్తారంటే, ఆరోగ్యవంతుల అంకెలు పేర్చి, మధ్యలోని నూటికి 95 మందిని ఉంచుతారు. మిగిలిన అయిదుగురు కూడా ఆరోగ్యవంతులే, అయినా హద్దు బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒక్క అంకె అయినా ముద్దక్షరాల్లో రావడానికి నూటికి 64 పాళ్ళు అవకాశం. పండగ ఆఫరులో డెబ్బై, ఎనభై పరీక్షల ప్యాకేజీ కొన్నవాడు అంకెలన్నీ చక్కగా ఉండి బయటపడితే అదే వింత. క్యాన్సర్ మార్కర్ల దగ్గర ఇది మరీ చేదు. వెయ్యిమందిలో ఒకరికి ఉన్న జబ్బుకు, నూటికి అయిదుగురిని తప్పుగా పట్టే పరీక్ష చేస్తే యాభై ఒక్కమంది భయపడతారు. వారిలో రోగి ఒక్కడే. మిగతా యాభై మంది స్కానింగులకు పొలం తాకట్టు పెడతారు. మూడు రోజుల జ్వరానికి ఒక్క వైడాల్ చేసి టైఫాయిడ్ అనడం కూడా ఇదే కోవ. టైఫాయిడ్ తిరిగే ప్రాంతంలో పాత జ్వరం వల్లో, టీకా వల్లో వైడాల్ వెతికే యాంటీబాడీలు ముందే ఉంటాయి. తేల్చుకోవాలంటే మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడక ముందు, బ్లడ్ కల్చర్ చేయాలి.

అంటే పరీక్షలు వద్దనా? 2003-04లో మన ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిలో చనిపోయిన 1354 మంది గురించి ఇంటింటికీ వెళ్ళి ఆరా తీశారు. మూడో వంతుకు దగ్గరగా గుండె, రక్తనాళాల జబ్బులు, పక్షవాతం. అంటువ్యాధులు అంతకంటే చాలా తక్కువ. అదే అధ్యయనంలో భాగంగా 20 గ్రామాల్లో ముప్ఫై దాటినవారికి షుగరు చూస్తే నూటికి 13 మందికి ఉంది. వారిలో సగం మందికి ఆ రోజు వరకు తెలియదు. పల్లెల్లో, పొలం పని చేసుకునేవాళ్ళలో సంగతి ఇది. కనుక ముప్ఫై దాటిన మన డెల్టా మనిషికి కావలసినవి తక్కువే, కానీ తప్పనిసరి. అన్నిటికంటే ముందు బీపీ, దానికి చుక్క రక్తం అక్కర్లేదు. షుగరు. ఈజీఎఫ్ఆర్‌తో క్రియాటినిన్. షుగరో బీపీయో ఉంటే మూత్రంలో ఆల్బుమిన్ నిష్పత్తి. ఆడవాళ్ళకూ పిల్లలకూ హిమోగ్లోబిన్. కొన్నేళ్ళకోసారి కొలెస్టరాల్, దానికి చాలామందికి ఉపవాసం కూడా అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువొస్తే అప్పుడు పరగడుపున మళ్ళీ చూడొచ్చు, ముందు రోజు పెళ్ళి భోజనం గుర్తుచేసుకుని. ఇంతే. చాలావరకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనే అయిపోతాయి. మిగతావి లక్షణం చెబితే, డాక్టరు అడిగితే చేయించుకునేవి.

సభలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలు కొందరున్నారు. వారితో రెండు మాటలు మాట్లాడి ముగిస్తాను. రేపు మీరు ఇచ్చే ప్రతి కాగితం మీద రిపోర్టు అచ్చయిన వేళ యంత్రమే వేస్తుంది. రక్తం తీసిన వేళ మీరు వేయాలి. ఏ గొట్టంలో తీశారో, ఆ మనిషి ఎప్పుడు తిన్నాడో, ఏ మందులు వేసుకుంటున్నాడో అడిగి రాయాలి. వింత అంకె వస్తే ముద్దక్షరాల్లో అచ్చేసి చేతులు దులుపుకోకుండా, డాక్టరుకు ఫోను చేసి మళ్ళీ రక్తం పంపమని అడిగే హక్కు మీకుంది. 'ఇంకో సూది ఎందుకండీ' అని మామ్మగారు విసుక్కుంటారు. కూచోబెట్టి, ఏ బిళ్ళలు మింగుతున్నారో ఆ అట్ట ఓసారి చూపించమని అడగండి.